ఏ ముక్క ఏ బండిది

జూన్ 9

వదినకు నమస్కారం.

నా చేతిరాత చూసి కంగారు పడకండి. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కడినే. నేను క్షేమం.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కిందటిసారి చేసి "ఎలా ఉన్నారు" అని అడిగితే మీరు "ఎలకలు లేవు, పిల్లి తిరుగుతోంది" అన్నారు. ఇంకాస్త గట్టిగా అడిగితే పిల్లి రంగు చెప్పారు. మీ చెవులు పూర్తిగా పోయాయని అప్పుడే తెలిసింది. నవ్వాలో ఏడవాలో అర్థంకాక పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

మీతో పని పడింది. నేను చేసే పని మీకు తెలిసిందే. మూలపడ్డ పాత మోటార్‌సైకిల్ ఎవరైనా తెచ్చి ఇస్తే మొత్తం విప్పి, తుప్పు వదిలించి, పోయిన ముక్కలు వెతికి తెచ్చి, మళ్ళీ నడిచేలా బిగించి ఇస్తాను. విప్పడం, బిగించడం నా వంతు. ఏ ముక్క ఏ డబ్బాలో పెట్టాం, దేనికి కొత్తది కావాలి, ఏది ముందు విప్పాం, ఇవన్నీ రాసి చీటీలు కట్టడం మీ చెల్లి వంతు. నేను రాసేవాణ్ణి కాదు. "నట్టు ఎక్కడ?" అని అరిస్తే వంటగదిలోంచి "మూడో అరలో నీలం డబ్బా" అని జవాబు వచ్చేది. ఇక రాసుకోవాల్సిన అవసరం నాకేముంది?

ఆవిడ పోయేనాటికి షెడ్డులో రెండు బళ్ళు విప్పి ఉన్నాయి. రెండూ ఒకే మోడలు. ఒకటి మా వీధి చివర బేకరీ ఆయనది, వాళ్ళ నాన్న నడిపిన బండి. రెండోది మీ చెల్లిదే. యాభై దాటాక బండి నేర్చుకుంటానని పట్టుబట్టి కొనుక్కుంది. తర్వాత నేను షెడ్డు తలుపు తీయలేదు. మొన్నటి వానకు కప్పు కారి, అరల చెక్క నాని కూలింది. డబ్బాలన్నీ బోర్లాపడ్డాయి. రెండు బళ్ళ ముక్కలూ కలిసిపోయాయి. చీటీలు తడిసి కొన్ని ముద్దయ్యాయి.

బేకరీ ఆయన మంచివాడు. ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు వానాకాలం వెళ్ళేలోపు బండి అయినా ఇమ్మన్నాడు, లేదంటే ముక్కలైనా ఇచ్చెయ్యమన్నాడు. ఏ ముక్కలని ఇవ్వను? రోజూ షెడ్డులోకి వెళ్ళి, ఆ కుప్ప ముందు కూర్చుని, లేచి వస్తున్నాను.

మీరు ఆస్పత్రి రికార్డు రూములో జీవితమంతా చేశారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి చాలు.

మీ మరిది


జూన్ 17

మరిదికి,

ఏడాది తర్వాత ఉత్తరం. అందులో నా చెవుల గురించి ఒక పేరా, మిగతాదంతా నట్ల గురించి. అయినా సంతోషమే. పోస్టు అబ్బాయి గేటు దగ్గర చెయ్యి ఊపితే కరెంటు బిల్లనుకున్నాను.

పిల్లి నిజంగానే ఉంది, కంగారు పడకండి.

సరే, వినండి. మొదట ఆ కుప్పను ముట్టుకోవద్దు. ఎలా పడిందో అలాగే ఫొటోలు తీయండి. దేని పక్కన ఏది పడిందో కూడా పనికొస్తుంది. మా రికార్డు రూములో ఒకసారి అలమరా పడిపోతే కొత్తగా చేరిన అమ్మాయి చక్కగా ఊడ్చి, కాగితాలన్నీ సైజు ప్రకారం పేర్చింది. ఆ చక్కదనం సరిచేయడానికి మాకు తల ప్రాణం తోకకొచ్చింది.

తర్వాత, పేర్లు పెట్టాల్సింది ముక్కలకు కాదు, చోట్లకు. అరలకు అక్షరాలు, డబ్బాలకు అంకెలు. చోటుకు పేరుంటే వస్తువు దానంతటదే ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది.

ఆ తర్వాత ఒక్కో ముక్కకు ఒక్కో అట్ట కార్డు. దాని మీద నాలుగు సంగతులు: ఇదేమిటి, ఎలా ఉంది, ఎక్కడ పెట్టాను, ఏ బండిది. నాలుగోదే మీకు కష్టం. అక్కడ మీకు ఖాయంగా తెలిస్తేనే రాయండి. లేకపోతే "తెలియదు" అని రాయండి. "బహుశా" అని మాత్రం రాయకండి. వారం తిరిగేసరికి ఆ బహుశాను మీరే నమ్మేస్తారు. ఆస్పత్రికి స్పృహ లేకుండా తెచ్చిన మనిషి కార్డు మీద మేం పేరు తెలియదు అనే రాసేవాళ్ళం. దానివల్ల ఆ మనిషికి వైద్యం ఆగలేదు. తప్పు పేరు రాసినప్పుడే ప్రమాదం.

తెలియనివన్నీ ఒక డబ్బాలో వెయ్యండి. ఆ డబ్బాను చూసి సిగ్గుపడకండి.

కప్పు ముందు బాగుచేయించండి. అది కూడా నేను చెప్పాలా?

వేళకు తింటున్నారా? ఈ ప్రశ్నకు జవాబు రాయకపోతే లేదనే అనుకుంటాను.

వదిన


జూన్ 30

వదినకు,

తింటున్నాను. బ్రెడ్డు ఎక్కువ. బేకరీ ఆయన ఇస్తే మొహమాటానికి కాదనలేను.

కప్పు మీద రేకు వేయించాను. మీరు చెప్పినట్టే ఫొటోలు తీశాను. చెబితే నవ్వుతారు, ఫొటోలో చూశాకే నాకు కుప్పలో బ్రేకు కడ్డీ కనబడింది. కళ్ళెదుటే రోజూ ఉంది.

అట్ట కార్డులకు చిల్లులు పొడిచి సన్నటి తీగతో కడుతున్నాను. నూనె చేతులతో రాస్తుంటే అక్షరాలు పాకుతున్నాయి. అందుకని ఒక పద్ధతి కనిపెట్టాను. పొద్దున చేతులు శుభ్రంగా ఉన్నప్పుడు కార్డులు, మధ్యాహ్నం నూనె పని. స్పోకులకు విడివిడిగా కార్డులు కట్టబోయి, నా తెలివికి నాకే నవ్వొచ్చి, కట్ట మొత్తానికి ఒకటి కట్టాను. చేసింది సరేనా?

రెండు చాసిస్‌లు తేలిపోయాయి. వాటి మీద నంబర్లు చెక్కి ఉంటాయి కాబట్టి గొడవ లేదు. ఇంజన్ కింది భాగాలు కూడా అంతే. ట్యాంకులు కూడా తేలాయి. మీ చెల్లి తన ట్యాంకుకు ముదురు ఆకుపచ్చ రంగు వేయించుకుంది, బేకరీ ఆయనది ఇంకా తుప్పు రంగే. చక్రాలు, క్లచ్ పళ్ళేలు, కార్బొరేటర్లు మాత్రం తెలియదు డబ్బాలోనే ఉన్నాయి. డబ్బా అన్నాను గాని అది స్నానాల తొట్టి.

పాత చీటీలన్నీ తీసేశాను. అవి ఉంటే కొత్త కార్డులతో కలిసి గందరగోళం అవుతోంది.

షెడ్డులో రేడియో పెట్టుకుంటున్నాను. ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటే పని సాగుతుంది. ఒక్కోసారి నేను ఏదో అడిగి, జవాబు కోసం ఆగుతాను. రేడియోలో ధరలు చెబుతుంటారు.

మీ మరిది


జులై 8

మరిదికి,

చీటీలు తీసేశానని ఒక్క ముక్కలో రాశారు. ఏదో పాత గుడ్డపేలికలు తీసేసినట్టు. ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను, నేనే తప్పుగా చదివానేమోనని.

అది చెల్లి చేతిరాత. మీకు ఇల్లంతా దాని వస్తువులు ఉన్నాయి. నా దగ్గర ఏముంది? మేమిద్దరం ఉత్తరాలు రాసుకున్నవాళ్ళం కాదు. రోజూ ఫోన్లో మాట్లాడుకున్నాం. ఆ మాటలన్నీ ఇప్పుడెక్కడ దొరుకుతాయి? నాకు వినిపించిన చివరి గొంతుల్లో దానిదొకటి. దాని అక్షరం ముక్క నా దగ్గర ఒక్కటీ లేదు. అడిగి ఉంటే పంపమనేదాన్ని.

అదలా ఉంచండి, పని సంగతిగా చెప్పినా అది తప్పే. కొత్త కార్డు రాశామని పాత కాగితం పారేసే హక్కు ఎవరికీ లేదు. కాగితం పోతే మనిషి పోయినట్టే. ఈ మాట మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

స్పోకుల కట్టకు ఒక కార్డు చాలు.

వదిన


సెప్టెంబరు 2

మరిదికి,

జులై వెళ్ళింది, ఆగస్టూ వెళ్ళింది. మీనుంచి ఒక్క ముక్క లేదు. నా మాట కటువుగా తగిలి ఉంటుంది. చీటీల విషయంలో కోపం వచ్చిన మాట నిజం, దాన్ని వెనక్కి తీసుకోను. అంతమాత్రానికే మొహం తిప్పుకుంటారనుకోలేదు.

లేక బేకరీ ఆయన ముక్కలు పట్టుకుపోయాడా? లేక ఒంట్లో బాగాలేదా? ఫోన్ చేయించాను. కింది వాటాలో ఉండే టైలరు చేత మీ నంబరు కొట్టించి, ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను. ఆయన పెదవులు కదల్లేదు కాబట్టి మీరు ఎత్తలేదని తెలిసింది.

ఇక్కడి సంగతులు చెబుతాను, మీరు అడక్కపోయినా. చెవిటిదానికి ఇల్లు ఎలా ఉంటుందో తెలుసా? పాలు పొంగితే వాసన వచ్చాకే తెలుస్తుంది. తలుపు కొడితే తెలియదని, గడియ పెట్టకుండా దగ్గరగా వేసి ఉంచుతున్నాను. కొళాయి కట్టేశానో లేదో చెయ్యి పెట్టి చూస్తాను. పొద్దున కిటికీ దగ్గర కూర్చుంటే వీధంతా నోళ్ళు కదుపుతూ వెళ్తుంది. అందరూ నాకు తెలియని రహస్యమేదో చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. చెప్పుకునేది కూరల ధరలేనని తెలుసు, అయినా.

మీ ఉత్తరాలు నాకు వినిపించేవి. అది చెబుదామనే ఇంతా రాశాను.

వదిన


సెప్టెంబరు 11

వదినకు,

చీటీల గురించి కాదు.

కాగితం పోతే మనిషి పోయినట్టే, ఈ మాట నాకు వేరే చెప్పనక్కర్లేదు అని రాశారు. నిజమే, చెప్పనక్కర్లేదు. ఆ రోజు ఆస్పత్రిలో పాత రిపోర్టులు అడిగారు. అంతకుముందు ఏడాది తీయించిన స్కానింగు, రక్తపరీక్షలు. నేను ఆటోలో ఇంటికొచ్చి ఇల్లంతా వెతికాను. సొరుగులు నేల మీద బోర్లించాను. పరుపు ఎత్తాను. షెడ్డులో కూడా చూశాను. అక్కడ ప్రతి స్క్రూకూ చీటీ ఉంది. ఆవిడ కాగితాలు మాత్రం దొరకలేదు. ఇంట్లో ఏది ఎక్కడుందో తెలిసిన మనిషి ఒక్కతే, ఆవిడ అక్కడ మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. వట్టి చేతులతో వెనక్కి వెళ్ళాను. పరీక్షలన్నీ మొదటినుంచి చేశారు. అవి వచ్చేలోపే అయిపోయింది.

ఈ సంగతి మీకు ఎవరో చెప్పి ఉంటారు. మీరు ఏడాదిపాటు ఉత్తరం రాయకపోవడం కూడా అందుకేనేమో అనిపించింది. నేనడిగాను కాబట్టి పద్ధతి నేర్పారు, దాంతోపాటే ఆ మాటా అన్నారు. అనాల్సిందే. కాకపోతే చదివాక కార్డు రాయడానికి చెయ్యి రాలేదు. ఫోన్ మోగితే మీ నంబరు చూసి కూడా ఎత్తలేదు. ఎత్తినా ఎవరు ఎవరికి ఏం చెబుతాం?

చీటీలు పారేయలేదు. తీసేశాను అంటే ముక్కల మీదినుంచి విప్పాను అని. తడిసినవాటిని పాత పత్రికల మధ్య పెట్టి ఆరబెట్టాను. అన్నీ ఈ కవరులో ఉన్నాయి. మీరే ఉంచుకోండి.

మరిది


సెప్టెంబరు 18

మరిదికి,

కవరు అందింది. దానికంటే ముందు చెప్పాల్సింది ఉంది.

ఆ రోజు కాగితాలు దొరకని సంగతి నాకు తెలియనే తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఒట్టు. మీ షెడ్డులో అంత అనుభవం అయింది కదా, చీటీలు తడిస్తే ఏమవుతుందో కళ్ళారా చూశారు కదా అని ఆ మాట రాశాను. ఏడాది రాయలేదంటారా? మీరే నామీద కోపంగా ఉన్నారనుకున్నాను. చెల్లి పోయినప్పుడు, అప్పటికే చెవులు మందగించి మీ ఏడుపు నాకు వినబడక, ఎవరో దూరపు మనిషిలా మీ పక్కన కూర్చుని గోడ చూశాను. అది మీరు గమనించి ఉంటారని కుమిలిపోయాను. ఇద్దరం రెండు చోట్ల కూర్చుని లేని కోపాలు మోశాం.

ఇప్పుడు మీరడగని ప్రశ్నకు జవాబు చెబుతాను. నేను డాక్టర్ని కాను, కాగితాలు అందించినదాన్ని. ఫైలు టైముకు చేరాక బతికినవాళ్ళను చూశాను. ఫైలు మంచం మీదే ఉండగా పోయినవాళ్ళనూ చూశాను. మీకు ఓదార్పుగా ఉంటుందని అబద్ధం చెప్పను. ఆ కాగితాలు దొరికి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. మీకూ తెలియదు. అక్కడ "నావల్లే" అని రాసుకున్నారు మీరు. అది బహుశా కన్నా ఘోరం. కొట్టేసి, తెలియదు అని రాయండి.

చీటీలు నేల మీద పరుచుకుని చదివాను. "వెనక చక్రం ఇరుసు. మెల్లగా." "ఈ వాషర్ తిరగేసి పెడతారు, చూడాలి." "రెండు స్ప్రింగులు. ఒకటి ఆయన తొక్కేశారు." ఒకదాని మీద "ఇది ఆయనకు ఇవ్వకూడదు, పోగొడతారు" అని ఉంది, దేనికి కట్టిందో మరి. అది మాట్లాడినట్టే ఉంది. నవ్వాను. నా నవ్వు నాకు వినబడదు కాబట్టి ఎంత గట్టిగా నవ్వానో తెలియదు, టైలరు పైకొచ్చి చూశాడు.

ఇంజనుకు సంబంధించినవి తిప్పి పంపుతున్నాను, అవి మీకు కావాలి. మిగతావి నావి.

వానలు ఆగేలోపు ఆయన బండి ఇచ్చెయ్యాలి. కార్డులు మొదలుపెట్టండి.

వదిన


అక్టోబరు 14

వదినకు నమస్కారం.

మీ ఉత్తరం చదివిన మర్నాడు షెడ్డులోకి వెళ్ళాను. ఏమీ చేయలేదు, ఊడ్చాను. ఆ తర్వాతి రోజు నుంచి పని సాగింది.

ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఇంజన్ పైభాగాలు రెండున్నాయి. అందులో పిస్టన్ ఆడే సిలిండరు ఒకదానికి బాగుంది, రెండోదానికి పగులు. ఈ మోడలు సిలిండర్లు ఇప్పుడెక్కడా తయారుకావు. బాగున్నది మీ చెల్లి బండిదేనని నా నమ్మకం. కార్డు మీద రాయబోయాను కూడా. మీరు కళ్ళముందు కనబడి తెలియదు అని రాశాను.

బేకరీ ఆయన్ని పిలిచి పాత కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాను. వాళ్ళ నాన్న కాలం నాటి లేతు షాపు రసీదు తెచ్చాడు. అప్పట్లో సిలిండరు అరిగితే లోపల కొంచెం పెద్దది చేయించారట, ఆ కొలత రసీదులో ఉంది. ఆయన ముందే కొలిచాను. బాగున్న సిలిండరు సరిగ్గా ఆ కొలతకే ఉంది. పగిలినదాన్ని పుట్టిననాటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

ఆయనకు కొలతలు తెలియవు. నా మొహం చూస్తున్నాడు. ఒక్క మాట అటూ ఇటూ చెబితే అడిగేవాడు లేడు. మీ చెల్లి బండి లేచి నిలబడేది. కార్డు ఆయన ముందే రాశాను.

"ఇది మీ నాన్నగారిదే" అన్నాను.

"మరి అమ్మగారి బండి?" అని అడిగాడు.

దానికి లేదు అని చెప్పాను. ఆయన చొక్కాకు అంటిన పిండి దులుపుకుంటూ వెళ్ళిపోయాడు.

నిన్న ఆయన బండి స్టార్ట్ అయింది. తుప్పుపట్టిన ట్యాంకుకు కొత్త రంగు వేశాను. వీధి చివరిదాకా నడుపుకుంటూ వెళ్ళాడు. ఏ ముక్క పాతది, ఏది మార్చాను, ఎప్పుడు ఏం చూసుకోవాలి, అన్నీ రాసి కార్డుల కట్ట కూడా ఇచ్చాను. ఇన్నేళ్ళలో నా చేతిరాతతో ఇచ్చిన మొదటి బండి.

తొట్టి ఖాళీ అయింది. షెడ్డులో ఇప్పుడు మీ చెల్లి బండి ముక్కలే, ఏది ఏదో అన్నీ తెలుసు. తెలిసి ఏం చెయ్యను?

మీ మరిది


అక్టోబరు 22

మరిదికి,

మంచి పని చేశారు. చెల్లి అయినా అదే చేసేది, కాస్త తిట్టుకుంటూ.

మిగిలిన బండిని కదిలించకండి. విడివిడిగా ఉన్నా అది దాని బండే. అరలమీద వరసగా పేర్చి, గుడ్డ కప్పి ఉంచండి. ఏనాటికైనా ఆ సిలిండరు దొరుకుతుంది. మా ఆస్పత్రి అంబులెన్సులు చూసిన మెకానిక్‌కు రాశాను, ఆయనకు ఊరూరా మనుషులున్నారు.

మీరు ఆ షెడ్డులో ఇంకో బండి పని పట్టుకోండి. ఖాళీగా కూర్చోకండి. ఖాళీగా కూర్చోవడం అంటే ఏమిటో ఇక్కడ నాకు బాగా తెలుసు.

పిల్లి వెళ్ళిపోయింది. ఎదురింటికి మారింది. కిటికీలోంచి నన్ను గుర్తుపట్టనట్టు చూస్తుంది.

వదిన


డిసెంబరు 5

వదినకు,

మీరు కోప్పడతారని తెలిసే రాస్తున్నాను. ఈసారి మాటలు చూసుకుని రాస్తాను, అపార్థం లేకుండా.

మీ చెల్లి బండి ముక్కలను నేను ఇచ్చేస్తున్నాను. పారేయడం లేదు, ఇస్తున్నాను.

నెల రోజులు మీరు చెప్పినట్టే గుడ్డ కప్పి ఉంచాను. రోజూ గుడ్డ ఎత్తి చూసేవాణ్ణి. కట్టిన కార్డులు, తుడిచిన ముక్కలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎంత సరిగ్గా ఉంటే అంత కష్టంగా ఉంది. ఎవరూ తెరవని గది మీరొకటి చూసుకునేవారు కదా, పోయినవాళ్ళ ఫైళ్ళది. అలా అయింది. మీ మెకానిక్ గారు కూడా నాకు రాశారు, ఆ సిలిండరు మీద ఆశ పెట్టుకోవద్దని. ఆయన ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది. ఇదే మోడలు బళ్ళు ముక్క దొరక్క ఎక్కడెక్కడో మూలపడి ఉన్నాయట. ఒకాయనకు చక్రం లేదు, ఒకాయనకు కార్బొరేటర్ లేదు.

నా దగ్గర ఏమున్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో అన్నీ కార్డుల మీద ఉన్నాయి కాబట్టి జాబితా రాయడం పూటలో అయిపోయింది. ఆయనకు పంపాను. ఒక్కొక్కరే వచ్చారు. ముందు చక్రం కోసం ఒక లెక్కల మాస్టారు, కారులో మడతపెట్టిన దుప్పటి తెచ్చుకుని, పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి తీసుకెళ్ళారు. కార్బొరేటర్‌కు ఒక అమ్మాయి వచ్చింది, ఫొటో స్టూడియో నడుపుతుందట. కార్డు ముక్కతోనే వెళ్తుంది, నకలు నా దగ్గర ఉంటుంది. ఎవరి దగ్గరికి ఏది వెళ్ళిందో రాసుకుంటున్నాను.

వచ్చినవాళ్ళు ఊరికే పోరు. టీ తాగుతారు, వాళ్ళ బండి కథ చెబుతారు. ఇది ఎవరి బండి అని అడుగుతారు. చెబుతాను. ఏడాదిన్నరగా ఆవిడ మాట ఇంతమందికి చెప్పలేదు.

ట్యాంకు ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాను. కిందటి ఆదివారం మీ ఊరి పశువుల డాక్టరు గారు వచ్చారు. మరో రంగు వేయించుకుంటారా అని అడిగితే, ఇంత మంచి రంగు ఎందుకు చెరుపుతాను అన్నారు. ఇచ్చేశాను.

ఆయన వెళ్ళాక షెడ్డు చాలా పెద్దదిగా కనిపించింది. ఖాళీ అరల మీద అక్షరాలు మాత్రం ఉన్నాయి. అక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను. తిట్టండి, పడతాను.

మీ మరిది


డిసెంబరు 20

మరిదికి,

మీ ఉత్తరం చదివి చాలా తిట్టాను. రాయడానికి కాగితం కూడా తీశాను. ఏం రాసినా చెల్లిని ముక్కలు ముక్కలుగా పంచిపెట్టేశారనే వస్తోంది. అందుకని రాయకుండా వారం ఆగాను. ఆగడం మంచిదైంది.

నిన్న పొద్దున కిటికీ దగ్గర ఉన్నాను. వీధిలో మొహాలన్నీ ఒకేసారి ఒకవైపు తిరిగాయి. ఏదో శబ్దం వచ్చిందని అలాగే తెలుస్తుంది నాకు. మన గేటు ముందు ఒక బండి ఆగింది. ఆకుపచ్చ ట్యాంకు. నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు, చెల్లి ఫోన్లో చెప్పిందే. ముదురు ఆకుపచ్చ అక్కా, చీకటి ఆకుపచ్చ కాదు అని గంటసేపు చెప్పింది. చూడగానే తెలిసింది.

దిగివెళ్ళాను. నడివయసు మనిషి, బూట్లకు బురద. ఏదో చెప్పారు. చెవులు చూపించి తల అడ్డంగా ఊపాను. జేబులోంచి మందులు రాసే చీటీల పుస్తకం తీసి, పశువుల బరువు రాయాల్సిన చోట రాశారు: "మీ మరిదిగారు ట్యాంకు ఇస్తూ, పని పూర్తయ్యాక దారిలో వదినగారికి ఒకసారి చూపించమన్నారు." ఆ సంగతి నాకు రాయలేదు మీరు. రాసి ఉంటే నేను కిందికి దిగేదాన్ని కాదు. మీకది తెలుసనుకుంటాను.

ఇంజన్ ఆడుతూనే ఉంది. ట్యాంకు మీద చెయ్యి పెట్టమన్నట్టు ఆయన సైగ చేశారు. పెట్టాను. మరిదీ, ఎన్నాళ్ళ తర్వాతో ఒక శబ్దం నా దగ్గరికి వచ్చింది. చెవిలోంచి కాదు, అరచేతిలోంచి మోచేతి దాకా. ఆయన పుస్తకంలో ఇంకో మాట రాశారు, "ఎక్కుతారా?" అని.

ఈ వయసులో, వీధంతా చూస్తుండగా ఎక్కాను. టైలరు నోరు తెరిచి చూస్తున్నాడు. ఆయన నెమ్మదిగా నడిపారు, గర్భంతో ఉన్న ఆవును తీసుకెళ్తున్నంత జాగ్రత్తగా. మందుల షాపు దాటి, బస్టాండు చుట్టూ తిప్పి తెచ్చారు. చెల్లి నేర్చుకుని ఉంటే మొదట నన్నే ఎక్కించుకునేది. నేను ససేమిరా అనేదాన్ని.

దింపి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. టీ అయినా ఇవ్వలేదు, ఆయన మలుపు తిరిగాక గాని గుర్తురాలేదు. మీ లిస్టులో ట్యాంకు ఎక్కడికి వెళ్ళిందో రాసినచోట, అది చేరిందని కూడా రాసుకోండి. నేను చూశాను.

ఆయన వెళ్ళాక చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాను. వీధిలో మళ్ళీ నోళ్ళు కదులుతున్నాయి. అరచేతిలో ఆ వణుకు ఇంకా ఉంది. లోపలికి వెళ్ళి ఏ గిన్నో గ్లాసో ముట్టుకుంటే పోతుందేమోనని, చెయ్యి దేనికీ తగలకుండా పట్టుకుని అక్కడే ఉన్నాను.

వదిన